సీసాకు 2, మూతకు 4: రెండూ పాలిథిలినే అయితే ఇంత తేడా ఎందుకు?

నీలిమూత (ప్రశ్న):

ద్రవ సబ్బు నిల్వ ఉంచుకునే ఒక పెద్ద డబ్బా గురించి నా సందేహాలు. డబ్బా అడుగున త్రిభుజంలో 2 అంకె, దాని కింద హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత పాలిథిలిన్) అన్న అక్షరాలు అచ్చయి ఉన్నాయి. నొక్కితే వంగే దాని మెత్తటి మూత లోపలి వైపున 4 అంకె, ఎల్‌డీపీఈ (అల్ప సాంద్రత పాలిథిలిన్) అన్న అక్షరాలు ఉన్నాయి. రెండూ పాలిథిలిన్‌లో రకాలేననీ, రెండూ ఇథిలిన్ అనే ఒకే వాయువు నుంచి తయారవుతాయనీ చదివాను. అలాంటప్పుడు ఒకటి గోరు దిగనంత గట్టిగానూ, మరొకటి రెండు వేళ్ల మధ్య మడిచేంత మెత్తగానూ ఎలా ఉంటాయో అర్థం కాలేదు. గట్టిదనం కోసం ఒకదానిలో వేరే పదార్థమేదైనా కలుపుతారా?

రెండో సందేహం ఇంకా చిత్రమైనది. ఆ డబ్బా ఎప్పుడూ కింద పడలేదు, దానికి దెబ్బ తగలలేదు. అయినా పిడి మొదట్లో, మలుపు తిరిగే చోట సన్నని నెర్రె విచ్చి, సబ్బునీళ్లు ఊటలాగా కారడం మొదలైంది. నెర్రె అంచులు సాగినట్టు గానీ నలిగినట్టు గానీ లేవు, పగిలిన గాజు అంచుల్లా నున్నగా ఉన్నాయి. పాలిథిలిన్‌ను చాలా రసాయనాలు ఏమీ చేయలేవని అంటారు కదా, సబ్బునీళ్లకు అది ఎలా లొంగింది?

నెర్రెను మూయడానికి ఇంట్లో ఉన్న జిగురులన్నీ పూసి చూశాను. ఆరిన తర్వాత ప్రతిదీ పొట్టులాగా ఊడి వచ్చింది. దీనికి ఏ జిగురు వాడాలో కూడా తెలియజేయగలరు.

గొలుసుకట్టు:

నేను మొదటి ప్రశ్నకే పరిమితమవుతాను. మిగిలిన రెండింటికీ అచ్చుపని తెలిసినవారు జవాబు చెబితే బాగుంటుంది.

గట్టిదనం కోసం వేరే పదార్థం కలపడమన్నది ఇక్కడ అసలు కారణం కాదు. పాలిథిలిన్ అణువంటే ఇథిలిన్ అణువులు వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి చేరి ఏర్పడిన పొడవైన గొలుసు. నడుమ కార్బన్ పరమాణువుల వరుస, ఒక్కో కార్బన్‌కు రెండేసి హైడ్రోజన్లు, అంతే. పీవీసీలో ఉన్నట్టు క్లోరిన్ లేదు, నైలాన్‌లో ఉన్నట్టు నైట్రోజన్ లేదు, పాలిస్టైరీన్‌లో ఉన్నట్టు బెంజీన్ వలయాలూ లేవు. నిర్మాణం ఇంత సాదాగా ఉన్నప్పుడు రకరకాల పాలిథిలిన్ల మధ్య తేడాను గొలుసు ఆకారంలోనే వెతకాలి.

ఎల్‌డీపీఈ గొలుసుకు పొట్టివీ పొడవైనవీ పక్కకొమ్మలు విరివిగా ఉంటాయి. హెచ్‌డీపీఈ గొలుసుకు కొమ్మలు చాలా అరుదు. కణుపులు చెక్కిన వెదురు గడలను మోపు కడితే సందు లేకుండా ఒదుగుతాయి, ముళ్లకంపను ఎంత అదిమి కట్టినా మోపు నిండా ఖాళీయే మిగులుతుంది. కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు జరిగేదీ అదే. కొమ్మలు లేని గొలుసులు పక్కపక్కన మడతలు పడుతూ క్రమంగా అమరి స్ఫటికాలు కడతాయి, కొమ్మలున్నవి అంత దగ్గరగా చేరలేవు. హెచ్‌డీపీఈలో మామూలుగా 60 నుంచి 80 శాతం దాకా స్ఫటిక భాగం ఉంటుంది, ఎల్‌డీపీఈలో అది సగానికి అటూ ఇటూగా ఉంటుంది. మిగిలినదంతా గొలుసులు చిక్కుపడి ఉండే క్రమరహిత భాగం.

సాంద్రతలో చూస్తే ఈ తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఎల్‌డీపీఈ ఘన సెంటీమీటరుకు 0.91 నుంచి 0.93 గ్రాములు, హెచ్‌డీపీఈ 0.94 నుంచి 0.97 గ్రాములు తూగుతాయి, అంటే రెండూ నీటిమీద తేలేవే. కానీ బిగువులో వచ్చే తేడా అనేక రెట్లు ఉంటుంది. కరిగే ఉష్ణోగ్రత కూడా మారుతుంది: ఎల్‌డీపీఈ సుమారు 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య, హెచ్‌డీపీఈ సుమారు 125 నుంచి 135 డిగ్రీల మధ్య కరుగుతాయి. స్ఫటికాలు కాంతిని చెదరగొడతాయి కాబట్టి రంగు కలపని హెచ్‌డీపీఈ పాలలాగా తెల్లగా కనిపిస్తుంది, పలుచటి ఎల్‌డీపీఈ పొర దాదాపు పారదర్శకంగా ఉంటుంది. చేతిలో నలిపితే గరగరమనే పలుచటి సంచి సాధారణంగా హెచ్‌డీపీఈతో, మెత్తగా సాగుతూ చప్పుడు చేయనిది ఎల్‌డీపీఈతో చేసినవై ఉంటాయి.

ఈ రెండు రకాలూ ఒకేసారి పుట్టినవి కావు. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన సంస్థ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఇథిలిన్‌ను, బెంజాల్డిహైడ్‌ను కలిపి విపరీతమైన పీడనంలో వేడి చేసినప్పుడు, పాత్రలో మైనం లాంటి తెల్లటి పదార్థం మిగిలింది. దాన్ని మళ్లీ రాబట్టడం వెంటనే కుదరలేదు. ఎక్కడి నుంచో చొరబడిన ఆక్సిజన్ లేశమే ఆ చర్యను మొదలుపెట్టిందన్న సంగతి తర్వాత గానీ బయటపడలేదు. 1935లో అదే సంస్థలోని మైఖేల్ పెరిన్ బృందం దాన్ని తిరిగి సాధించింది, 1939లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. విద్యుత్తును దాదాపు పూర్తిగా అడ్డుకోవడం, అధిక పౌనఃపున్యాల దగ్గర కూడా శక్తిని వృథా చేయకపోవడం అనే రెండు గుణాల వల్ల రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది రాడార్ కేబుళ్లలో ఇమిడిపోయింది. మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లు మించిన పీడనంలో జరిగే ఆ చర్యలో పెరుగుతున్న గొలుసు తన మీదికే వంగి, మధ్యలో ఎక్కడో మళ్లీ మొలకెత్తుతుంది. ఎల్‌డీపీఈకి పొట్టి కొమ్మలు అలా వచ్చినవే.

కొమ్మలు లేని గొలుసు కోసం ఉత్ప్రేరకాలు, అంటే చర్యను నడిపించే పదార్థాలు రావలసి వచ్చింది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలతో స్వల్ప పీడనంలోనే తిన్నని గొలుసులు కట్టించాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని ఫిలిప్స్ పెట్రోలియం సంస్థలో పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ క్రోమియం ఉత్ప్రేరకంతో ఆ పని చేశారు. జీగ్లర్‌కు, పాలిప్రొపిలిన్ అనే మరో ప్లాస్టిక్ మీద పని చేసిన గియూలియో నట్టాకు కలిపి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడో రకం ఎల్‌ఎల్‌డీపీఈ. దీనిలో గొలుసు తిన్నగానే ఉంటుంది, కానీ ఇథిలిన్ లాంటివే అయినా ఇంకా పొడవైన అణువులున్న బ్యూటీన్, హెక్సీన్ లేదా ఆక్టీన్ కొద్దిగా కలిపి, కావాలనే పొట్టి కొమ్మలు మొలిపిస్తారు. సాంద్రత ఎల్‌డీపీఈ అంతే ఉన్నా, చిరుగుకూ పోటుకూ బాగా తట్టుకుంటుంది. సరుకుల పెట్టెలను బిగించి చుట్టే సాగే పొర ఎక్కువగా ఇదే. పలుచటి పొరల విషయంలో ఎల్‌డీపీఈ కన్నా ఇదే మెరుగైనదని నా అభిప్రాయం, అయితే అచ్చంగా దీన్నే కరిగించి, గాలి ఊది పొరగా తీయడం కష్టం కాబట్టి చాలాచోట్ల రెండింటినీ కలిపి వాడతారు.

వానచినుకు:

నెర్రెకు కారణం ఎండే అయి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పాలిథిలిన్ గొలుసులను తెంచుతాయి, తెగిన కొద్దీ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఆరుబయట వేసే పైపులు నల్లగా ఉండటానికి కారణం ఇదే. వాటిలో 2 నుంచి 2.5 శాతం దాకా కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి కలుపుతారు, అది కిరణాలను తానే పీల్చుకుంటుంది. మీ డబ్బా కిటికీ పక్కన ఉండేదా?

నీలిమూత:

లేదండీ. అది తలుపున్న అలమరలో, చీకట్లోనే ఉండేది. పైగా నెర్రె దగ్గర తప్ప మిగతా డబ్బా అంతా ఇప్పటికీ కొత్తదానిలాగే వంగుతోంది, ఎక్కడా పెళుసుగా లేదు.

అచ్చుపని:

ఆ చివరి వాక్యంతోనే సగం జవాబు తేలిపోయింది. ఎండదెబ్బ అయితే ఉపరితలమంతా సుద్దలా తెల్లబారి, సన్నని గీతలు పడి, ఎక్కడ వంచినా విరిగేది. ఒక్క మలుపు దగ్గరే నెర్రె విచ్చి, అంచులు సాగకుండా నున్నగా ఉండి, లోపల ఉన్నది సబ్బు అయినప్పుడు అనుమానించవలసింది మరొకటి. దాన్ని మా పనిలో ఈఎస్‌సీ అంటారు, అంటే ఒత్తిడీ పరిసర ద్రవమూ కలిసి తెచ్చే పగులు.

సబ్బు పాలిథిలిన్‌ను కరిగించదు, దానితో రసాయన చర్య జరపదు, కాబట్టి మీరు విన్నమాట తప్పు కాదు. ఇక్కడ జరిగేది భౌతికమైన మార్పు. స్ఫటికానికీ స్ఫటికానికీ మధ్యనున్న క్రమరహిత భాగంలో కొన్ని గొలుసులు ఒక స్ఫటికంలో మొదలై పక్కదానిలోకి దూరి, రెండింటినీ కట్టి ఉంచుతాయి. డబ్బాలో ఎక్కడైనా లాగుడు ఉంటే, ఈ కట్టుగొలుసులు కాలం గడిచేకొద్దీ చిక్కు విడిపోయి మెల్లగా జారుతుంటాయి. సబ్బులోని తలతన్యతను తగ్గించే అణువులు ఆ సందుల్లోకి చేరి, గొలుసుల మధ్య పట్టును సడలించి, ఏళ్లు పట్టే జారుడును వారాల్లోకో నెలల్లోకో తెస్తాయి. కట్టుగొలుసులు విడిపోయిన చోట స్ఫటికాలు ఒకదాని నుంచి ఒకటి శుభ్రంగా వేరవుతాయి కాబట్టి అంచు సాగదు. పాలిథిలిన్ మామూలుగా చిరగకుండా సాగే పదార్థం కనుక, ఈ నున్నని అంచే దీనికి ముఖ్యమైన ఆనవాలు.

లాగుడు ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు తయారీలోనే వస్తుంది. ఇలాంటి డబ్బాలను బ్లో మోల్డింగ్‌తో చేస్తారు: కరిగిన ప్లాస్టిక్ గొట్టాన్ని అచ్చు రెండు ముక్కల మధ్య బిగించి లోపలికి గాలి ఊదుతారు. పిడి దగ్గర, మూలల్లో గోడ మందం సమంగా రాదు, మందమైన చోటు నెమ్మదిగానూ పలుచనైన చోటు త్వరగానూ చల్లారడం వల్ల రెండింటి మధ్య లోపలి ఒత్తిడి నిలిచిపోతుంది. ఆపైన ద్రవం బరువు ఉండనే ఉంది. మీ డబ్బా సరిగ్గా అక్కడే విచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ చిక్కు హెచ్‌డీపీఈ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. తొలినాటి హెచ్‌డీపీఈలో కొమ్మలు మరీ తక్కువ కావడంతో స్ఫటికాలు ఎక్కువ, వాటిని కట్టి ఉంచే గొలుసులు తక్కువ అయ్యాయి, దానితో చేసిన వస్తువులు నిల్వలో నెర్రెలు విచ్చేవి. 1958లో అమెరికాలో పిల్లలూ పెద్దలూ నడుముకు తిప్పుకునే హులా హూప్ వలయాలకు గిరాకీ పెరిగి, ఆ సరుకులో చాలా భాగాన్ని వాడిపెట్టింది. వలయంలో సబ్బు పోయరు కదా! తర్వాత గొలుసుకట్టు గారు చెప్పిన బ్యూటీన్, హెక్సీన్ లాంటివి హెచ్‌డీపీఈలోనూ కొద్దిపాటిగా కలిపి, కట్టుగొలుసులు పెరిగేలా గొలుసుల పొడవును కూడా పెంచి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. సబ్బు సీసాలకు అలాంటి సరుకునే వాడాలి. దాన్ని పరీక్షించే పద్ధతి కూడా సూటిగా ఉంటుంది: చిన్న పట్టీలకు గాటు పెట్టి, వాటిని వంచి బిగించి, సబ్బులాంటి ద్రవంలో వెచ్చగా ఉంచి, ఎన్ని గంటలకు నెర్రె పడుతుందో చూస్తారు. మీ డబ్బాకు వాడిన సరుకు రకం తక్కువదా, అచ్చులో గోడ పలుచబడిందా అన్నది ఆ ముక్కను కోసి చూడకుండా చెప్పలేం. అయితే ఒక ద్రవం కోసం చేసిన డబ్బాలో మరో ద్రవం నింపి ఉంటే మాత్రం నేను మొదట దాన్నే అనుమానిస్తాను.

ఇక జిగురు సంగతి. జిగురు పట్టాలంటే ముందు ఉపరితలం మీద పరచుకోవాలి. పాలిథిలిన్ ధ్రువత్వం లేని పదార్థం, దాని ఉపరితల శక్తి తక్కువ, మీటరుకు 31 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది, అందుకే నీళ్లు దానిమీద బొట్లు బొట్లుగా నిలుస్తాయి, జిగురూ సరిగ్గా పరచుకోదు. పీవీసీ పైపులకు వాడే జిగురు పైపు ఉపరితలాన్నే కాస్త కరిగించి అతుకుతుంది, పాలిథిలిన్‌కు ఆ దారి కూడా మూసుకుపోయింది, ఎందుకంటే మామూలు వేడిలో దాన్ని కరిగించే ద్రావణి లేదు. సీసాలమీద అక్షరాలు అచ్చు వేసే ముందు వాటిని క్షణకాలం మంటకు చూపించడం, సంచుల పొరను విద్యుత్ ఉత్సర్గం కిందుగా నడిపించడం పరిశ్రమలో రివాజు. అలా చేస్తే ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు ఏర్పడి సిరా పట్టుకుంటుంది. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్‌ల కోసమే తయారయ్యే, రెండు భాగాలు కలిపి వాడే అక్రిలిక్ జిగురులు ఉన్నాయి, అవి కొంత నయం.

అసలైన అతుకు వేడితోనే. హెచ్‌డీపీఈ పైపుల రెండు కొనలను 200 డిగ్రీలు దాటిన పలకకు ఆనించి, కరిగాక ఒకదానికొకటి అదిమితే చల్లారిన తర్వాత ఆ అతుకు పైపంత గట్టిగా ఉంటుంది. మీ డబ్బాకు కూడా అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో, వేడిగాలి పరికరంతో వెల్డింగ్ చేయవచ్చు. అయితే 4 అంకె ఉన్న మూతను కోసి 2 అంకె ఉన్న డబ్బాకు అతికించబోతే పని కుదరదు. అంతేకాక సబ్బు అప్పటికే ఆ చుట్టుపక్కల గోడలో పని మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి, అతుకు పక్కనే మరో నెర్రె విచ్చే అవకాశం ఎక్కువ. ఈ డబ్బాకు ఆ శ్రమ దండగ అని నా అభిప్రాయం.

నీలిమూత:

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. నిజమే, మొదటి సరుకు అయిపోయాక అందులో గాఢత ఎక్కువున్న వేరే శుభ్రపరిచే ద్రవం నింపాను. ఇంకో మాట కూడా అడుగుతాను. 2, 4 అంకెలున్న డబ్బాలు ఆహారానికి సురక్షితమని కొందరు అంటున్నారు. వాటిలో మరిగే నీళ్లు పోయవచ్చా?

పాతడబ్బా:

ఆ అంకెలకు, సురక్షితమా కాదా అన్న ప్రశ్నకు నేరుగా సంబంధం లేదు. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం వాటిని ప్రవేశపెట్టింది, వాడి పారేసిన వస్తువుల్లో ఏది ఏ రకం ప్లాస్టిక్కో వేరు చేయడానికే అవి ఉపయోగపడతాయి. బాణాల త్రిభుజాన్ని చూసి ఇది తప్పకుండా పునర్వినియోగమవుతుందని జనం అనుకోవడంతో, 2013లో ప్రమాణాన్ని సవరించి బాణాలకు బదులు మామూలు త్రిభుజం పెట్టారు. పాత అచ్చులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి రెండూ కనిపిస్తాయి. 2 అంకె ఉన్న పాల సీసా, 2 అంకె ఉన్న యంత్రపు నూనె డబ్బా రెండూ హెచ్‌డీపీఈయే, అంతమాత్రాన రెండో దానిలో పాలు పోయలేం. కలిపిన రంగులు, స్థిరీకరణ పదార్థాలు, అంతకుముందు అందులో ఉన్న ద్రవం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆహారానికి తగినదని తయారీదారు విడిగా ముద్రించారా లేదా అన్నది చూడాలి.

పాలిథిలిన్ వరకు వస్తే, దానిలో మెత్తదనం కోసం థాలేట్ల వంటి మృదుకారకాలు కలపవలసిన అవసరం లేదు, ఎందుకంటే మెత్తదనం గొలుసు నుంచే వస్తుంది. ఆహారపు పొట్లాల్లో ఇది అంతగా వాడుకలోకి రావడానికి అదొక కారణం. వేడి మాత్రం దీని బలహీనత. ఎల్‌డీపీఈ 80 డిగ్రీలు దాటితే ఆకారం నిలుపుకోలేదు. హెచ్‌డీపీఈ 100 డిగ్రీల దగ్గర కరగదు కానీ మెత్తబడి, బరువుకు వంగుతుంది. మరిగే నీటిని తట్టుకునే డబ్బాలకు 5 అంకెతో గుర్తించే పాలిప్రొపిలిన్ వాడతారు, అది 160 డిగ్రీల దగ్గర గానీ కరగదు. తెరిచి మూసే కీలుమూతలు కూడా దానివే. చలిలో పరిస్థితి తారుమారవుతుంది: పాలిప్రొపిలిన్ సున్నా డిగ్రీల దగ్గరే పెళుసుబారడం మొదలైతే, పాలిథిలిన్ గడ్డకట్టించే పెట్టెలో కూడా వంగుతుంది.

మరొక గుణం చాలామంది గమనించరు. పాలిథిలిన్ నీటి ఆవిరిని బాగా ఆపుతుంది, ఆక్సిజన్‌ను ఆపలేదు. అందుకని పొడి సరుకు చెమ్మగిల్లకుండా ఉంటుంది గానీ నూనె ఉన్న పదార్థం మెల్లగా కనరుబట్టిపోతుంది. వాసనలు కూడా గోడలో ఇంకుతాయి, సబ్బు పోసిన డబ్బాను ఎంత కడిగినా పరిమళం పోకపోవడం అందువల్లే. పెట్రోలు హైడ్రోకార్బన్ కావడంతో ఇంకా సులువుగా గోడలోకి చొరబడుతుంది. వాహనాల హెచ్‌డీపీఈ ఇంధన ట్యాంకుల్లో మధ్యన వేరే ప్లాస్టిక్ పొరను అడ్డుగా పెట్టడం దాని కోసమే.

గొలుసుకట్టు:

వాడుక దృష్టితో చూస్తే మరో రెండు రకాలను వదిలేయకూడదు. గొలుసు పొడవును విపరీతంగా పెంచి, అణుభారం 30 లక్షల నుంచి 60 లక్షల దాకా తీసుకువెళితే యూహెచ్‌ఎండబ్ల్యూపీఈ వస్తుంది. కరిగించినా పారదు కాబట్టి మామూలు అచ్చుల్లో పోయలేరు, పొడిని అదిమి వేడిచేసి రూపమిస్తారు. అరుగుదలను ఇంతగా తట్టుకునే ప్లాస్టిక్ అరుదు. బ్రిటన్‌లో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు 1962లో కృత్రిమ తుంటి కీలు గిన్నెకు దీన్ని వాడడం మొదలుపెట్టారు, ఆ వాడుక మెరుగుపడుతూ ఇప్పటికీ సాగుతోంది. దీన్నే సన్నని పోగుగా లాగితే నీటిమీద తేలే, అదే బరువున్న ఉక్కు తీగ కన్నా బలమైన తాడు తయారవుతుంది. రెండోది ఎక్స్‌ఎల్‌పీఈ: పెరాక్సైడ్‌తో గానీ ఎలక్ట్రాన్ కిరణంతో గానీ గొలుసులను అడ్డంగా ముడివేస్తారు. అది ఇక కరగదు కనుక వేడెక్కే విద్యుత్ కేబుళ్లకు, వేడినీటి పైపులకు వాడతారు. అదే కారణంగా దాన్ని మళ్లీ కరిగించి పోయడం కుదరదు.

పాతడబ్బా:

కరిగించి పోసే విషయంలో ఒక చిక్కు ఉంది. 2 అంకె ఉన్నవన్నీ ఒకేచోట కరిగిస్తే సరిపోతుందనుకుంటారు. బ్లో మోల్డింగ్‌కు వాడే సరుకు కరిగినా గొట్టంలా వేలాడి నిలవాలి కాబట్టి చిక్కగా ఉంటుంది, కరిగిన సరుకును అచ్చులోకి బలంగా ఎక్కించే ఇంజెక్షన్ మోల్డింగ్‌కు వాడేది అచ్చు సందుల్లోకి పరుగెత్తాలి కాబట్టి పలుచగా ఉంటుంది. రెండూ కలిస్తే వచ్చేది సీసాకూ పనికిరాదు, పెరుగు గిన్నెకూ పనికిరాదు. అందువల్ల సీసాలను విడిగా ఏరే చోట్ల అవి మళ్లీ సీసాలుగానో పైపులుగానో మారతాయి, కలగాపులగంగా వచ్చినది మందపాటి పలకలకు, బల్లలకు పోతుంది.

నీలిమూత గారి డబ్బాను కడిగి, మూత తీసి, రెండింటినీ విడివిడిగా సేకరణలో వేయడం మంచిది. ఆ గాఢమైన ద్రవాన్ని అది వచ్చిన సీసాలోనే ఉంచండి. పలుచన చేసి వాడుకోవాలంటే, కొద్ది రోజులకు సరిపడా మాత్రమే వేరే సీసాలో కలిపి పెట్టుకోండి.